అసలెవరిది?

ఇస్తే పుచ్చుకోవచ్చా అనే ప్రశ్న మా పల్లెలో ఎవరూ అడగరు. ఇచ్చేవాడికి ఎంత ఇవ్వాలి, ఎవరికివ్వాలి, ఎందుకివ్వాలి అని ఆలోచించుకునే తీరిక ఉంటుంది. పుచ్చుకునేవాడికి కూడా ఒక ఆలోచన ఉంటుందని ఎవరూ అనుకోరు. దానం గురించి మన భాషలో ఉన్న మంచి మాటలన్నీ ఇచ్చేవాడి వైపువే. దాత, ధర్మప్రభువు, ధర్మకర్త. పుచ్చుకునేవాడికి మిగిలినవి బిచ్చగాడు, ముష్టోడు, దిక్కులేనోడు. బ్రాహ్మడు పుచ్చుకుంటే మటుకు దానికి ప్రతిగ్రహం అని వేరే పేరుంది. ఆయన చెయ్యి చాపితే ఇచ్చినోడికి పుణ్యం. మేం చెయ్యి చాపితే మాకు రుణం. చెయ్యి చాపడానికి ఇన్ని అర్థాలు ఎవరు పెట్టారో మీకు చెప్పనక్కర్లేదు.

ఈ మధ్య మా బడికి శాశ్వత నిధి ఒకటి ఇస్తామని ఒకాయన ముందుకొచ్చాడు. దాన్ని పుచ్చుకోవాలా వద్దా అని నేనూ మా పల్లెవాళ్ళూ వాదులాడుకుంటున్నాం. ఆ సంగతికి వస్తాను. ముందు చర్చి డబ్బు గురించి మాట్లాడాలి. దానమంటే ఏమిటో నేను నేర్చుకున్నది చర్చిలోనే. నా అన్నం, నా పుస్తకాలు, నా మొదటి చెప్పులు ఆ డబ్బుతో వచ్చినవే.

మాది మదనపల్లె పక్కన మాలపల్లె. మా అవ్వ తల్లిదండ్రులు బాప్తిస్మం పుచ్చుకున్నది ఆర్కాట్ మిషను దొరల దగ్గర. అమెరికాలో డచ్చివాళ్ళ రిఫార్మ్‌డ్ సంఘం పంపిన మిషను అది. ప్రెస్బిటేరియన్లకు దాయాదులు. బోధ కాల్విన్‌దే, బిషప్పు లేడు, పెద్దల సభ పెత్తనం. 1908లో మద్రాసు ప్రెస్బిటేరియన్లూ వీళ్ళూ మరికొందరూ కలిసి దక్షిణ ఇండియా ఐక్య సంఘం అయ్యారు. 1947లో అది సి.ఎస్.ఐ.లో కలిసింది. మా అవ్వకు ఈ చరిత్ర ఏదీ తెలియదు. ఆమెకు తెలిసింది పిడికెడు.

సంగటికి పిండి కొలిచేటప్పుడు ఒక పిడికెడు తీసి మూలనున్న కుండలో వేసేది. ఆ పిడికెడు దేవునిది. పాస్టరమ్మ చెప్పింది పిడికెడు బియ్యం పెట్టమని. మాకు బియ్యం యాడివి? పండగకే వరిబువ్వ. అందుకని రాగిపిండి. నెలాఖరున స్త్రీల సమాజం వాళ్ళు ఇల్లిల్లూ తిరిగి జమచేసి గుడి ముందర వేలం వేసేవాళ్ళు. ఎక్కువసార్లు దాన్ని పాడుకునేది కూడా మావాళ్ళే. ఇచ్చిన పిండి మళ్ళీ కొనుక్కుని తినేది. చిన్నప్పుడు నాకిది నవ్వులాటగా ఉండేది. అవ్వను అడిగితే, "ఇచ్చినప్పుడు అది దేవునిది. కొనుక్కున్నప్పుడు మనది. అంతే," అనింది.

మిజోరంలో ఇదే పని ఎంతో పెద్ద ఎత్తున జరుగుతుంది. అక్కడి ప్రెస్బిటేరియన్ సంఘం వేల్స్ దేశపు మిషనరీలు నాటింది. వంటకు బియ్యం పోసిన ప్రతిసారీ ఒక పిడికెడు తీసి పక్కనబెట్టే ఆచారం 1910లో మొదలైంది. బుహ్‌ఫై థామ్ అంటారు దాన్ని. ఈనాడు ఆ పిడికిళ్ళు ఏటా కోట్ల రూపాయలవుతాయి. వాటితో సువార్తికులకు జీతాలిస్తారు, మిషనరీలను బయటికి పంపుతారు. ఇక్కడ ఒక దాత అనేవాడు లేడు. పొయ్యి దగ్గర కూర్చున్న ప్రతి ఆడమనిషీ దాతే. ఆ బియ్యం ఖర్చయిపోతాయి, మళ్ళీ రేపు పొద్దున పిడికెడు పడాల్సిందే. నిలవ ఉండే డబ్బు కాదది.

నిలవ ఉండే డబ్బు వేరే రకం. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా నేను సంఘం నడిపే ఒక హాస్టల్లో చదివాను. నాకొక స్పాన్సరు ఉండేది. స్కాట్లండులో డండీ అనే ఊర్లో ఒక ముసలామె. క్రిస్మసుకు ముందు మేమంతా ఉత్తరాలు రాయాలి. వార్డెనమ్మ నల్లబల్ల మీద రాసేది, మేం చూసి ఎక్కించేవాళ్ళం. మీ దయవల్ల నేను అన్నం తింటున్నాను, మీ కోసం రోజూ ప్రార్థన చేస్తున్నాను. అరవై మందిమి అరవై దేశాంతరం ఉత్తరాల్లో అదే దయ, అదే అన్నం. ఒకసారి నేను సొంతంగా రెండు వాక్యాలు కలిపాను. మా గొడ్డు చచ్చిపోయింది, మీరేం పని చేస్తారు అని. ఆ ఉత్తరం చించేసి మళ్ళీ రాయించారు. పుచ్చుకునేవాళ్ళు ప్రశ్న అడగకూడదని నాకు తెలిసింది ఆ రోజే.

అయినా పదో తరగతిలో ఆమే తనంతట రాసింది. ముప్పై ఏళ్ళు జనపనార మిల్లులో పనిచేసి రిటైరయ్యానని. డండీ అంటే జనపనార మిల్లుల ఊరని, ఆ జనపనార మన బెంగాల్ నుంచే పోయేదని తర్వాత చదువుకున్నాను. అంటే నాకు అన్నం పెట్టినామె దొరసాని కాదు, కూలిమనిషి. అవ్వ పిడికెడు తీసినట్టే ఆమె తన పెన్షన్లోంచి తీసింది. కానీ మాకు రాయించిన ఉత్తరాల్లో ఆమె ధర్మప్రభువు, మేం దిక్కులేనోళ్ళం. ఇద్దరు కూలోళ్ళ మధ్యన ఎవరు ఈ మెట్లు కట్టారు?

బి.ఎడ్. చదివేటప్పుడు లైబ్రరీలో డండీ అనే పేరు కోసం వెతుకుతుంటే నాకు ఫ్రెడరిక్ డగ్లస్ తగిలాడు. అమెరికాలో మేరీలాండులో బానిసగా పుట్టి, 1838లో తప్పించుకుని, 1845లో తన బతుకు తానే రాసి అచ్చువేసినవాడు. అచ్చయ్యాక యజమాని పట్టుకుపోతాడనే భయంతో సముద్రం దాటి ఐర్లండుకూ బ్రిటనుకూ వచ్చాడు. 1846 జనవరిలో డండీలో మాట్లాడాడు. మాట్లాడింది దేని మీదంటే ప్రెస్బిటేరియన్ చర్చికి వచ్చిన చందా మీద. ఈ కథ మన కార్యకర్తలు, విద్యార్థులు వివరంగా తెలుసుకోవాలి.

స్కాట్లండులో ఏ గుడికి ఏ పాస్టరు ఉండాలో ఆ ఊరి భూస్వామి నిర్ణయించేవాడు. జనం వద్దన్నా సరే. దీనిమీద పదేళ్ళు కొట్లాడి, 1843 మే 18న ఎడిన్‌బరోలో నాలుగు వందల యాభై మందికి పైగా పాస్టర్లు ప్రభుత్వ చర్చినుంచి లేచి బయటికి నడిచారు. జీతం పోయింది, ఇల్లు పోయింది, గుడి పోయింది. థామస్ చామర్స్ అనే పెద్దాయన వాళ్ళకు నాయకుడు. ఫ్రీ చర్చి అని పేరు పెట్టుకున్నారు. చామర్స్ ఒక ఉపాయం చేశాడు. ప్రతి విశ్వాసీ వారానికి ఒక పెన్నీ ఇవ్వాలి. ఆ పెన్నీలన్నీ ఒకే చోట చేరాలి. అక్కడినుంచి కలిగిన ఊరి పాస్టరుకూ లేని ఊరి పాస్టరుకూ సమాన భాగం పోవాలి. నాకు ఈ పద్ధతి చాలా నచ్చింది. భూస్వాములు మాత్రం గుడి కట్టుకోడానికి జాగా ఇవ్వలేదు. జనం వానలో, మంచులో రోడ్డు పక్కన ఆరాధన చేశారు. స్ట్రాంషియన్ అనే చోట ఊరి దొర అడుగు నేల కూడా ఇవ్వనంటే, 1846లో ఇనుముతో తేలే చర్చి ఒకటి చేయించి నీళ్ళ మీద నిలబెట్టుకున్నారు. నేల దొరదైతే నీళ్ళు దొరవి కావు గదా. ఇది చదివినప్పుడు నాకు మా పల్లె గుర్తొచ్చింది. మా గుడికి జాగా దొరికింది వంక పక్కన, వానొస్తే మునిగేచోట.

ఇట్లా భూస్వామి పెత్తనం కాదన్నవాళ్ళే డబ్బు కోసం అమెరికాకు మనుషుల్ని పంపారు. ఒక్కసారిగా వందల గుళ్ళు కట్టాలి మరి. అక్కడి ప్రెస్బిటేరియన్లు చందాలిచ్చారు. అందులో దాదాపు 3,000 పౌండ్లు బానిసలున్న దక్షిణ రాష్ట్రాలనుంచి, చార్లెస్టన్‌లాంటి ఊళ్ళనుంచి వచ్చింది. పత్తి తోటల డబ్బు. మనుషుల్ని కొని అమ్మిన డబ్బు.

ఆ డబ్బు తిరిగి పంపండి అన్నది నినాదం. డగ్లస్, ఆయన తోటివాళ్ళు ఊరూరా సభలు పెట్టారు. గోడల మీద రాశారు. ఎడిన్‌బరో పక్క కొండ మీద గడ్డి చెక్కి అక్షరాలు దింపారు. పిల్లోళ్ళు వీధుల్లో పాటకట్టి పాడారు. చామర్స్ జవాబు ఏమిటంటే, బానిసత్వం చెడ్డదే, కానీ ఆ వ్యవస్థలో పుట్టిన ప్రతి యజమానినీ పాపి అని సంఘంనుంచి వెలివేయలేము. వ్యవస్థ వేరు, మనిషి వేరు. ఈ మాట మీకు ఎక్కడో విన్నట్టు లేదూ? మా స్టాఫ్‌రూములో వారానికొకసారి వింటాను నేను. కులం చెడ్డదే మేడం, కానీ మా నాన్న చాలా మంచివాడు.

1846లో వాళ్ళ మహాసభ కూర్చుంది. పెద్ద పెద్ద పండితులు లేచి డబ్బు ఉంచుకోవడం న్యాయమేనని వాదించారు. సంఘం లోపల కొందరు కాదన్నారు, కానీ నెగ్గలేదు. డబ్బు వెనక్కి పోలేదు. బైబిల్లో ఒక సంగతి ఆ పండితులకు తెలియనిది కాదు. యూదా ముప్పై వెండి నాణేలు తెచ్చి గుళ్ళో విసిరేస్తే ప్రధానయాజకులు దాన్ని కానుకల పెట్టెలో వెయ్యలేదు. ఇది రక్తపు డబ్బు, గుడికి పనికిరాదన్నారు. కుమ్మరివాని పొలం కొని పరదేశులకు శ్మశానం చేశారు. ఆ రక్తానికి ధర కట్టి ఇచ్చినవాళ్ళు కూడా తామే! వాళ్ళకైనా ఆ మాత్రం సిగ్గు ఉండింది.

అయితే నాకు ఇక్కడొక చిక్కు ఉంది. తిరిగి పంపితే ఆ 3,000 పౌండ్లు ఎవరికి చేరతాయి? చార్లెస్టన్ యజమానులకే గదా. వాళ్ళకు అది ఇంకొందరు మనుషుల ధర. పత్తి ఏరినోళ్ళకు ఒక్క పెన్నీ పోదు. ఇది డగ్లస్‌కు తెలియదని నేననుకోను. ఆయనకు కావలసింది డబ్బు కదలడం కాదు, చెయ్యి కలపడం ఆగడం. మీ కానుక పుచ్చుకుంటే మిమ్మల్ని అన్నా అని పిలవాలి, మేం పిలవం, అని ఒక గౌరవమైన చర్చి ప్రపంచం ముందర చెప్పాలి. కానుకతో పాటు ఎప్పుడూ ఒక చుట్టరికం వస్తుంది. దాన్ని తెంచమన్నాడు ఆయన.

ఇంకో సంగతి చూడండి. అదే 1846 చివర్న ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో రిచర్డ్‌సన్ కుటుంబం ఆడవాళ్ళు చందాలు పోగుచేసి, డగ్లస్ యజమానికి 150 పౌండ్లు కట్టి ఆయనకు విడుదల పత్రం తెప్పించారు. అప్పుడు బానిసత్వాన్ని వ్యతిరేకించేవాళ్ళలోనే కొందరు తప్పుపట్టారు. డబ్బు కట్టడమంటే మనిషిని సొంతం చేసుకునే హక్కు ఉందని ఒప్పుకోవడమే అని. సూత్రం ప్రకారం వాళ్ళ మాట సరే. కానీ డగ్లస్ ఆ పత్రం తీసుకున్నాడు, తీసుకోవడాన్ని సమర్థించుకున్నాడు. మెడ ఆయనది. ఇంటికి పోతే పట్టుకుపోయేది ఆయన్ని. 3,000 పౌండ్లు వద్దన్నదీ, 150 పౌండ్లు సరేనన్నదీ ఒకే మనిషి. ఇందులో నాకు వైరుధ్యం కనబడదు. రెండుచోట్లా నిర్ణయం ఎవరి ఒళ్ళు నలిగిందో వాళ్ళ నోటినుంచి వచ్చింది. మహాసభలో అట్లా కాదు. పత్తి ఏరినోళ్ళని ఎవరూ అడగలేదు.

మనకు దీనితో సంబంధం లేకపోలేదు. 1843లో ఇండియాలో ఉన్న స్కాట్లండు మిషనరీలంతా ఫ్రీ చర్చి వైపుకొచ్చారు. మద్రాసులో జాన్ ఆండర్సన్ 1837లో పెట్టిన బడే తర్వాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీ అయింది. నెల్లూరులో కూడా వాళ్ళ శాఖ ఉండేది. మద్రాసు బడి మొదలైన కొత్తల్లో పరయ పిల్లల్ని చేర్చుకున్నారని పైకులాలోళ్ళు గొడవచేశారు. వాళ్ళని తీసెయ్యకపోతే మా పిల్లల్ని మాన్పిస్తామన్నారు. ఆండర్సన్ తియ్యలేదు. చాలామంది మానేసి పోయారు, బడి చిక్కిపోయింది, అయినా తియ్యలేదు. పరాయి దేశంలో కులం ముందర అంత గట్టిగా నిలబడినవాళ్ళ చర్చే చార్లెస్టన్ చందా ముందర ఎందుకు మెత్తబడింది? ఆండర్సన్‌కు నేను రుణపడి ఉన్నాననే అనుకుంటాను. ఈ ప్రశ్న మటుకు వదలను.

నిలవ డబ్బు గురించి చెప్తానన్నాను. అమెరికాలో ప్రెస్బిటేరియన్ సంఘానికి నిధులు చూసే ఫౌండేషన్ ఒకటి ఉంది. దాని పుట్టుక 1799నాటి పెన్సిల్వేనియా రాష్ట్రపు చార్టరు. పద్ధతి సులభం. దాత ఒక మొత్తం ఇస్తాడు. అసలు ముట్టుకోరు. దాన్ని వ్యాపారంలో పెట్టి వచ్చిన దాంట్లో ఏటా కొంత భాగం మాత్రం ఖర్చుచేస్తారు. అది దేనికి వాడాలో దాత రాసిపెట్టి ఉంటే దానికే వాడాలి. దాత పోయి నూరేళ్ళయినా ఆయన మాటే చెల్లుతుంది. ఇదే ఎండోమెంటు. మనకు దేవాదాయ శాఖ మాన్యాలు తెలుసు గదా, ఇదీ అలాంటిదే, కాకపోతే భూమి బదులు డబ్బు.

అసలు తరగదు, వడ్డీ ఆగదు అనే లెక్క మా పల్లెకు కొత్తది కాదు. మేం దాన్ని రెండో వైపునుంచి చూశాం. మా తాత అత్త చావు ఖర్చులకు తెచ్చిన అప్పుకు ఒక పెద్దరెడ్డి ఇంట్లో జీతానికి కుదిరాడు. ఏడాదంతా చేసిన పని వడ్డీకి సరిపోయేది. అసలు అట్లనే ఉండేది. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. మా తాత బయటపడింది 1983లో. అదీ చట్టం వల్ల కాదు, కాలు విరిగి దొడ్డికి పనికిరాకుండాపోతే. మనిషి మీద పడిన శాశ్వత అప్పుకు మా పల్లెలో పేరు జీతం. దాతల రిజిస్టర్లో ఎక్కిన శాశ్వత సొమ్ముకు పేరు ఎండోమెంటు. చాలాచోట్ల రెండోదానికి ముడిసరుకు మొదటిది.

ఇది నా ఊహ కాదు. ప్రిన్స్‌టన్ థియోలాజికల్ సెమినరీ 1812లో ప్రెస్బిటేరియన్ మహాసభ పెట్టింది. నేడు దాని మూలనిధి నూరు కోట్ల డాలర్ల పైమాట. తన పాత లెక్కలు తానే తవ్వుకుని 2018లో ఒక నివేదిక బయటపెట్టింది. దాతల్లో బానిసల వల్ల లాభపడినవాళ్ళున్నారు, సెమినరీ పెట్టుబడులు దక్షిణాది బ్యాంకుల్లో ఉండేవి, తొలి ప్రొఫెసర్లు బానిసల చేత పనిచేయించుకున్నవాళ్ళు. నల్లజాతి విద్యార్థుల సంఘం నష్టపరిహారం కోరుతూ సంతకాలు సేకరించింది. 2019 అక్టోబరులో ట్రస్టీలు 2 కోట్ల 76 లక్షల డాలర్లు దీనికి కేటాయించారు. బానిసల వారసులకు, వెనకపెట్టబడిన వాళ్ళకు స్కాలర్‌షిప్పులు, కొత్త ఉద్యోగాలు. విద్యార్థులు ఇది మొదలే, చాలదన్నారు. వాళ్ళ మాటే నాకు సబబు అనిపించింది. ఎందుకంటే ఆ మొత్తం కూడా దాచిపెట్టిన నిధి రాబడిలోంచే వస్తుంది. అసలు జోలికి పోలేదు.

ఆ సెమినరీ తన ఒక కేంద్రానికి బెట్సీ స్టాక్‌టన్ పేరు పెట్టింది. ఆమె ప్రిన్స్‌టన్‌లోనే బానిసగా పుట్టింది. ఒక ప్రెస్బిటేరియన్ పాస్టరు ఇంట్లో పనిచేస్తూ ఆ ఇంటి పుస్తకాలతో చదువు నేర్చుకుంది. విడుదలయ్యాక మిషనరీగా హవాయి దీవులకు పోయి 1820లలో అక్కడ దొరల పిల్లలకు కాదు, మామూలు జనానికి బడి పెట్టింది. తిరిగొచ్చి ఫిలడెల్ఫియాలో, ప్రిన్స్‌టన్‌లో నల్లపిల్లలకు చదువు చెప్పి 1865లో పోయింది. టీచరమ్మ. ఏ దాతల పట్టీలోనూ ఆమె చిన్నప్పటి చాకిరీ ఎక్కలేదు. ఆమె అంట్లు తోమి మిగిల్చిన తీరికలోనే గదా ఆ ఇంటివాళ్ళు ప్రసంగాలు రాసుకున్నది.

మన దగ్గర ఈ తగాదా 1932లోనే నడిచింది. హరిజన సేవక్ సంఘ్ పెట్టినప్పుడు దాని పెత్తనం అంటరానివాళ్ళ చేతుల్లో ఎందుకు లేదని అడిగితే, ఇది సవర్ణులు తీర్చుకోవలసిన బాకీ, బాకీదారులే తీర్చుకోవాలి అన్నది గాంధీ వాదన. బాకీ అని ఒప్పుకున్నాడు, మంచిదే. కానీ ఏ బాకీలోనైనా ఎంత, ఎప్పుడు, ఎట్లా అనేది బాకీ ఉన్నవాడు ఒక్కడే నిర్ణయిస్తాడా? అప్పిచ్చినవాడికి నోరుండదా? అంబేద్కర్ 1945లో కాంగ్రెసు మీద, గాంధీ మీద రాసిన పుస్తకంలో ఈ సంఘాన్ని విడదీసి చూపించాడు. దానితో మనవాళ్ళకు వచ్చేది హక్కు కాదు, విధేయత అన్నది ఆయన ఆక్షేపణ.

ఇప్పుడు మా బడి సంగతి. నేను పనిచేసేది జిల్లా పరిషత్ హైస్కూలు. ఆ పక్క ఊరి భూస్వామి కుటుంబం కొడుకు ఒకాయన బెంగుళూరులో కాంట్రాక్టులు చేస్తాడు. చనిపోయిన తండ్రి పేరు మీద రెండు లక్షలు బ్యాంకులో వేస్తామన్నాడు. పదో తరగతిలో మొదటొచ్చిన ఎస్సీ ఆడపిల్లకు ఏటా వడ్డీ ఇవ్వాలి. పద్నాలుగు వేల దాకా వస్తుంది. వరండాలో పాలరాతి ఫలకం, ఆగస్టు 15న సన్మానం. మా తాత కాలు విరిగింది ఆ తండ్రి దొడ్లోనే.

హెడ్మాస్టరు చెడ్డమనిషి కాదు. నన్ను పిలిచి, "సన్మానపత్రం మీరే రాయాల మేడం. మీ పిల్లోళ్ళకే గదా ఇచ్చేది," అన్నాడు. మా ఊళ్ళో నాలుగు మాటలడిగి వచ్చి చెప్తానన్నాను. దీంట్లో ఊరినడిగేది ఏముందని ఆయన ఆశ్చర్యపోయాడు.

ఆ రాత్రి గుడి అరుగు మీద కూర్చున్నాం. మా పెద్దనాయన ఆ ఇంట్లో తొమ్మిదేండ్లు జీతమున్నాడు. "తీసుకో పాపా. అది వాని సొమ్మా? మన ఎద్దుల కాడ మిగిలిందే గదా," అన్నాడు. డిగ్రీ చదివే సంఘం పిల్లోడు ఎగిరిలేచినాడు. "తిప్పికొట్టల్ల అక్కా. ఈరోజు ఫలకం, రేపు ఎలక్షన్ల కాడ మన ఓట్లు." పదో తరగతి కూతురున్న ఒకామె ఇద్దర్నీ చూసి, "మీకేం నాయనా, ఇంటర్ ఫీజు కట్టేది నేను," అనింది. ఎవరి మాటా కొట్టిపారేసేది కాదు. నేను డగ్లస్ కథ చెప్పినాను. డబ్బు తిప్పిపంపలేదంటే, "అంతే, పంపరు," అని నవ్వినారు.

నా మాట నేను చెప్పినాను. చార్లెస్టన్ డబ్బుకూ ఈ డబ్బుకూ ఒక తేడా ఉంది. అక్కడ ఎవరి కష్టమో వాళ్ళు సముద్రానికి అవతల, సంకెళ్ళలో ఉన్నారు. పుచ్చుకునేది వేరేవాళ్ళు. అందుకని తిప్పిపంపమనడమే న్యాయం. ఇక్కడ కష్టం చేసినోళ్ళు ఈ అరుగు మీదే కూర్చోనుండారు. తిప్పిపంపితే మన కూలి మనమే వానికి రెండోసారి ఇచ్చినట్టు. తీసుకోవాల. కానీ దానమని తీసుకోకూడదు. సన్మానపత్రం నేను రాయను. ఫలకం పెడితే ఆ తండ్రి పేరు కింద ఆ ఇంట్లో జీతమున్నోళ్ళ పేర్లన్నీ చెక్కాల. ఎవరికివ్వాలో చూసే కమిటీలో పల్లెవాళ్ళు ఇద్దరుండాల. సంఘం పిల్లోడు ఒప్పుకోడానికి అర్ధరాత్రి అయింది. పెద్దనాయన అప్పటికే వేళ్ళ మీద పేర్లు లెక్కపెడతా ఉన్నాడు. ఆ రాత్రికి ఇరవై మూడు తేలినాయి.

హెడ్మాస్టరు ఆ మాట బెంగుళూరుకు చేరవేశాడు. ఆయన కోపగించుకోలేదట. చాలాసేపు మాట్లాడకుండా ఉండి, రెండ్రోజులకు కబురు పంపాడు. ఫలకం వద్దు, సన్మానం వద్దు, నాయన పేరు కూడా వద్దు, డబ్బు ఊరికే ఇచ్చేస్తాను, ఎవరి పేరూ లేకుండా. హెడ్మాస్టరు సంతోషంతో మా ఇంటికే వచ్చాడు. "కుడిచేత్తో ఇచ్చేది ఎడమచేతికి తెలీకూడదని మీ బైబిల్లోనే ఉంది గదా మేడం, ఇంకేం కావాల?" అన్నాడు.

పల్లెలో మళ్ళీ రెండు వర్గాలయ్యాయి. పదో తరగతి పిల్ల తల్లి, "ఇంకేం, తీసుకోండి," అంటుంది. ఆమె తొందర నాకు తెలుసు, ఇంటర్ అడ్మిషన్లు ఎవరికోసమూ ఆగవు. పెద్దనాయన మటుకు అడ్డం తిరిగినాడు. "పేరు లేకుంటే వాని నాయన చేసిందీ కనపడదు, మనం చేసిందీ కనపడదు. అట్ల కుదరదు," అంటాడు. నాకు ఆయన వైపే మొగ్గుంది. ఆ తల్లి ఎదురుపడితే మాత్రం వాదించలేకపోతున్నాను.

ఈ ఆదివారం ఆరాధన అయినాక మళ్ళీ కూర్చుంటున్నాం. పేర్ల పట్టీ నా నోట్‌బుక్కులో ముప్పై ఒకటికి వచ్చింది. కొందరికి ఇంటిపేరు దొరకలేదు. వంక అవతలి పల్లెలో ఇంకా ఇద్దరు ముసలోళ్ళను అడగాల్సి ఉంది.